జానపద చిత్రముల మాధుర్యము



నేటి ప్రసంగవిషయమును విని, పండితుడనిపించుకొన్న ముదుసలికి సినిమాలతో ఏమి పని యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు. నేను చెప్పబోవునదియు నవ్వును గూర్చియే. రాకుమారి, ఆమెను వలచిన పేదవాడు, నడుమ ఒక మాంత్రికుడు, పాతాళమున ఒక దేవత, ఆకాశమున ఒక అప్సరస, కడపట పెండ్లిపందిరి: ఇట్టి చిత్రములను మన దేశమున జానపద చిత్రములందురు. ఇందలి కథ జరుగలేదనియు, జరుగదనియు ప్రేక్షకులందఱును ఎఱుగుదురు. ఎఱిగియు రెండున్నర గంటలు రెప్ప వేయక చూతురు. చూచినదానినే పదిమాఱులు చూతురు. అబద్ధమని తెలిసినదానియందు ఇంత ప్రీతి ఏల? ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును మీ ముందుంచెదను.

మొదట నా అపరాధమును ఒప్పుకొందును. నేను పంచకావ్యములు వల్లించి పాఠశాలలో పెరిగినవాడను. 1970 ప్రాంతమున, పండ్రెండేండ్ల వయసులో, మా కోనసీమలోని ఒక గ్రామమున కాలువగట్టుపై వేసిన డేరా టాకీసులో నేలటిక్కెట్టు కొని, వేరుసెనగకాయలు ఒలుచుకొనుచు ‘జగదేకవీరుని కథ’ చూచితిని. మఱునాడు గురువుగారికి ఆ సంగతి తెలిసి, కాళిదాసును చదువువానికి కత్తిసాముల బొమ్మలు తగునా యని మందలించిరి. ఆ మాట నాలో నాటుకొన్నది. పిమ్మట నేనే ఉపాధ్యాయుడనై, ఆ మాటనే నా శిష్యులకు చెప్పితిని. అట్టి చిత్రమును చూచి వచ్చినామన్న పిల్లలను బల్లపై నిలువబెట్టితిని. అది తప్పని గ్రహించుటకు నాకు చాల కాలము పట్టినది. గ్రహించిన తీరు కడపట చెప్పెదను.

ఇట్టి కథలను తక్కువచేయువారు వాని వంశమును ఎఱుగరు. ఆ వంశమునకు మూలపురుషుడు గుణాఢ్యుడు. శాతవాహనప్రభువు కొలువులోనివాడై, పైశాచీభాషలో బృహత్కథను రచించెనని ప్రతీతి. ఆ గ్రంథము మనకు దక్కలేదు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమునందు సోమదేవుడు దానిని కథాసరిత్సాగరముగా సంస్కృతీకరించినందున విద్యాధరులు, భేతాళులు, గగనవిహారములు మనకు మిగిలినవి. 1912 మొదలు తిరువనంతపురమునుండి ప్రకటింపబడిన భాసనాటకములలో ‘అవిమారకము’ ఒకటి. అందలి నాయకుడు రాకుమారి కురంగిని వలచును. అంతఃపురమున మఱల ప్రవేశింప వీలులేక ప్రాణములు తీసికొనబోవును. అప్పుడొక విద్యాధరుడు అదృశ్యుడగుటకు సాధనమైన ఉంగరము నిచ్చును. దీనిని నేడెవరైన తెరకెక్కించినచో జానపద చిత్రమే యగును గాని వేఱొండు కాదు. మన భాషలో తిక్కనకు అంకితమైన కేతన దశకుమారచరిత్రము, పింగళి సూరన కళాపూర్ణోదయము ఆ త్రోవలోనివే.

ఆ త్రోవ ఇరువదవ శతాబ్దమున గోదావరితీరమును తాకినది. మధిర సుబ్బన్న దీక్షితులుగారు కాశీమజిలీ కథలను పండ్రెండు భాగములుగా వ్రాసిరి. కాశికి నడచిపోవు మణిసిద్ధుడను యతి, తోడువచ్చిన గోపకుమారునకు మజిలీ మజిలీకి ఒక వింతకథ చెప్పుట అందలి కూర్పు. కోనసీమ అరుగులపై ఆ పుస్తకములు పెద్దగా చదివి వినిపించు అలవాటుండెడిది. అట్టి కథలే తెరపైకి నడచివచ్చినవి. 1942లో జెమినీవారి ‘బాలనాగమ్మ’, 1947లో ‘గొల్లభామ’, 1949లో ‘కీలుగుఱ్ఱము’ జనులను మురిపించినవి. 1951 మార్చి 15వ తేదీన విజయావారి ‘పాతాళభైరవి’ విడుదలయినది. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు నిర్మాతలు; కే. వీ. రెడ్డిగారు దర్శకులు, పింగళి నాగేంద్రరావుగారు రచయిత, ఘంటసాలవారు సంగీతకర్త. ఆ నిర్మాతలిరువురే 1947 జూలైలో ‘చందమామ’ పత్రికను ఆరంభించినవారు. కావున కథ చెప్పునప్పుడు పిల్లవాని కన్నులు ఎట్లు విచ్చుకొనునో వారికి తెలియును. 1952 జనవరిలో మన దేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ‘పాతాళభైరవి’ ప్రదర్శింపబడినది.

ఇక ఆకర్షణకు కారణములు. మొదటిది అద్భుతమునకు హద్దులుండుట. భరతముని అద్భుతరసమునకు విభావములను చెప్పుచు దివ్యజనులను చూచుట, కోరినది లభించుట, ఉద్యానములకు దేవాలయములకు పోవుట, విమానములు, మాయ, ఇంద్రజాలము మున్నగువానిని పేర్కొనెను. జానపద చిత్రమున కానవచ్చు సామగ్రియంతయు ఆ పట్టికలో నున్నది. కాని సామగ్రి యున్నంతమాత్రమున వంట కాదు. ఏదైన జరుగవచ్చునన్నచో ఏమి జరిగినను మనకు ఆశ్చర్యము కలుగదు. కావున మంచి కథకుడు మాయకొక కట్టుబాటు పెట్టును. మనుచరిత్రమున సిద్ధుడిచ్చిన పాదలేపము ప్రవరుని క్షణములో హిమవంతమునకు చేర్చును. మంచునీటికి ఆ లేపము కరగిపోవుటతో ఇంటికి మఱలు త్రోవ లేకపోవును. ఆ కరగుటలోనే కథయంతయు నున్నది. అట్లే పాతాళభైరవి ప్రతిమ ఎవరి చేతిలో నున్న వారికి ఊడిగము చేయును. మంచివాడా చెడ్డవాడా యని అడుగదు. మాంత్రికుని శక్తి అతని గడ్డములో నున్నది. జగదేకవీరుని కథలో ఇంద్రకుమారి దివ్యవస్త్రము దక్కినంతవఱకే ఆమె భూమిపై నిలుచును. ఈ నియమములు ఆటకు గీచిన గీతలవంటివి. గీతలున్నందుననే చెడుగుడు చూడ ముచ్చటగా నుండును.

రెండవది వలపు బరువెక్కకుండుట. సాంఘిక చిత్రమున నాయికానాయకులు ఒకరినొకరు అనుమానింతురు, అలుగుదురు, కట్నముల లెక్కలలో పడుదురు. జానపద చిత్రమున వారి మనస్సులు మొదటి చూపుతోనే కలియును, అడ్డంకులన్నియు వెలుపలివే. తోటరాముడు ఉజ్జయినిలో తోటవాని కొడుకు. రాకుమారి ఇందుమతిని చూచును, గోడ దాటి కోటలోనికి పోవును, పట్టుబడును. తనతో సమానమైన సంపద తెచ్చినచో పిల్లనిత్తునని రాజు పందెము వైచును. ఏడు సముద్రములు దాటవలసివచ్చినను ఆమె మనసు మాఱునేమో యన్న దిగులు మాత్రము అతనికి లేదు. నిజజీవితమున మనకు సముద్రములు తక్కువ, దిగుళ్లు ఎక్కువ. ఆ దిగులు లేని వలపును కొంతసేపు చూచుట చల్లని వెన్నెలలో కూర్చుండుటవంటిది. కులము, ధనము అడ్డువచ్చిన చోట పెండ్లిమాట ఎత్తుటకైనను వెఱచు ఊళ్లలో, తోటవాని కొడుకు రాకుమారిని చేపట్టుట కేవలము వినోదమని నేననుకొనను. నేలటిక్కెట్టువారు ఈల వేయునది అచ్చటనే.

మూడవది హాస్యము. ఇది లేకున్నచో పై రెండును చప్పబడిపోవును. ఎస్. వీ. రంగారావుగారు ధరించిన నేపాళ మాంత్రికుడు నరబలికి సిద్ధపడిన క్రూరుడు. అయినను అతని నడక, కనుబొమలు, శిష్యుడు సదాజపునితో మాటలు మనలను భయపెట్టుచునే నవ్వించును. ఇందుమతిని బంధించి తెచ్చియు ఆమె తనను ఇచ్చతో వరింపవలెనని అతడు తాపత్రయపడును. ఆ తాపత్రయమే అతని కొంప తీయును. అందముకొఱకు గడ్డము తీయించుకొని శక్తిని పోగొట్టుకొనుట ఎంత చక్కని ఉపాయము! దుష్టుని ఖడ్గముతో చంపుటకంటె మంగలికత్తితో జయించుట రసవత్తరము గదా. రాణి తమ్ముడు సురసేనునిగా నటించిన రేలంగి వెంకట్రామయ్యగారు మా కోనసీమవారే. 1910లో రావులపాలెము దగ్గఱి రావులపాడులో జన్మించిరి. తాను మహావీరుడనని నమ్మిన పిఱికివానిని ఆయన చూపినట్లు మఱియొకరు చూపలేరని మావారి అభిమానము. జగదేకవీరుని కథలో ‘కొత్తమంత్రి’, ‘పాతమంత్రి’, ‘రెండుచింతలు’ అను పేర్లు పెట్టిన పింగళివారి చమత్కారము వేఱుగా చెప్పనక్కఱలేదు. ఒక మాట చెప్పి మనలను నవ్వించి, ఆ మాటను మన ఇంటి సామెతగా మిగిల్చిపోవుట ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

నాలుగవది పనితనము. ఈనాడు యంత్రగణకములు పర్వతములను సృజించుచున్నవి. ఆనాడు మార్కస్ బార్ట్లీగారి కెమెరాయే ఇంద్రజాలికుడు. తెరలో ఒక భాగమును కప్పి తక్కిన భాగమును చిత్రించుట, ఆ ఫిల్మునే వెనుకకు త్రిప్పి, కప్పిన భాగమును తెఱచి మఱల చిత్రించుట, వెలుగు నీడలు అతుకు తెలియకుండ పొసగించుట ఆ కాలపు విద్య. 1961 ఆగస్టు 9న విడుదలయిన జగదేకవీరుని కథలో పెండ్యాల నాగేశ్వరరావుగారు కూర్చిన గీతమునకు రామారావుగారు అయిదు రూపులతో ఒక్కమాఱు కనబడి, ఒకరు పాడ తక్కినవారు వాద్యములు వాయించుట నేటికిని చూచువారిని విస్మయపఱచును. ఏ యొక్క రూపు గీత దాటినను ఆ బింబమంతయు పాడగును. కష్టపడి చేసిన తేలికతనమునకు ఇది నిదర్శనము.

ఈ కథలు మన యొక్కరివి కావు. పారిసు నగరమున ఆంత్వాన్ గాలాన్ అను పండితుడు అరబ్బు కథలను ఫ్రెంచిలోనికి తెచ్చుచుండగా, 1709లో హన్నా దియాబ్ అను అలెప్పో యువకుడు అతనికి అల్లావుద్దీను కథ చెప్పెను. దర్జీవాని కొడుకు, మాంత్రికుడు, దీపము, రాకుమారి, ఒక్క రాత్రిలో లేచిన మేడ, ఆ మేడ మాయమగుట: తోటరాముని కథకు ఇది దగ్గఱి చుట్టము. జపానువారి ‘హగోరొమో’ అను నాటకమున బెస్తవాడొకడు దేవకన్య ఉత్తరీయమును పైన్ చెట్టుకొమ్మపై చూచి తీసికొనును. అది లేక ఆమె స్వర్గమునకు ఎగురలేదు. ఆమె దుఃఖమును చూచి, ఒక నాట్యము చూపించినచో ఇత్తునని అతడు దానిని తిరిగి యిచ్చును. మన జగదేకవీరుడు వస్త్రమును దాచును. ఆ బెస్తవాడు తిరిగి యిచ్చును. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు నా మనసు బెస్తవానివైపే మొగ్గును. ఒకరి రెక్కలు దాచి ఇల్లాలిని చేసికొనుట సరసముగా చూపినను సరసము కాదు. మన చిత్రములయందలి ఈ లోపమును ఒప్పుకొనుట వానియందలి ప్రేమకు విరుద్ధము కాదు.

ఈ వేడుక 1970 తరువాత క్రమముగా సన్నగిల్లినది. విఠలాచార్యగారు తక్కువ ఖర్చుతో దయ్యములను, రాకుమారులను చాలకాలము బ్రతికించిరి; 1978లో వారి ‘జగన్మోహిని’ వచ్చినది. పిదప 1990 మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదలయినది. దివ్యవస్త్రమునకు బదులు ఉంగరము. రాకుమారునకు బదులు యాత్రికులకు దారి చూపు రాజు. నాయిక మాత్రము ఆ పాత కథలోవలె ఇంద్రుని కూతురే. సరిగా ఆ దినముననే పెనుతుపాను ఆంధ్రతీరమును తాకినది. వీథులలో నీరు నిలిచియుండగనే జనులు ఆ చిత్రమును చూడబోయిరి. 1994లో సింగీతము శ్రీనివాసరావుగారి ‘భైరవద్వీపము’ పాత చందమామ వాసనను మఱల తెచ్చినది. ఇటీవలి బాహుబలి చిత్రములు రాజ్యములను, యుద్ధములను మహోన్నతముగా చూపినవి గాని, వాని త్రోవ వేఱు. అవి రొమ్ము విఱిచి నడచును; నేను చెప్పుచున్నవి చిఱునవ్వుతో నడచును.

ఇక నా గురువుగారి ఆక్షేపమునకు వత్తము. ఈ కథలు జనులను సోమరులను చేయవా? ప్రతిమ దొరకునని, కోరిక తీరునని కూర్చుండబెట్టవా? దీనికి నాకు సమాధానము చెప్పినది ఏ శాస్త్రమును కాదు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానును కోనసీమవారు మఱువలేరు. కాట్రేనికోన, ఐ. పోలవరము, ముమ్మిడివరము ప్రాంతములు తల్లడిల్లినవి. వేయిమందికి పైగా మరణించిరి. కొబ్బరిచెట్లు లక్షలుగా కూలినవి; నిలిచినవానికి తలలు లేవు. నేను పనిచేయు పాఠశాలలో ఇండ్లు పోయినవారు తల దాచుకొనిరి. కరెంటు లేదు. రాత్రులు లాంతరు చుట్టును పిల్లలు నిద్రపోక కూర్చుండెడివారు. గాలి కొంచెము వీచినను ఉలికిపడెడివారు. నాకు వచ్చిన శ్లోకములు చెప్పితిని. వారు మర్యాదకు విన్నారు.

నాలుగవ రాత్రి కొబ్బరి దింపు తీయువాడొకడు పాతాళభైరవి కథ నెత్తుకొన్నాడు. ఎక్కుటకు అతనికి ఇక చెట్లు లేవు. మఱల నాటిన మొక్క కాపునకు రావలెనన్న ఆఱేడు సంవత్సరములు. అయినను మాంత్రికునివలె కనుబొమలెగురవేసి, గొంతు మార్చి కథ చెప్పుచుండగా పిల్లలు దగ్గఱకు జరిగిరి. ప్రతిమ రాముని చేతికి వచ్చినప్పుడు ఒక పిల్లవాడు, “బాబాయ్, ఆ బొమ్మ మనకి దొరికితే చెట్లన్నీ మళ్లీ లేపెయ్యమందాం” అన్నాడు.

అతడు వెంటనే, “అందాం రా. కాని అడిగితే వచ్చినదాన్ని మాంత్రికుడు రాత్రికి రాత్రి ఎత్తుకుపోతాడు. చేత్తో పాతుకున్నదాన్నైతే ఎత్తుకుపోలేడు” అని బదులు చెప్పెను.

“మనం పాతినవే గదా గాలివాన ఎత్తుకుపోయింది?” అని పిల్లవాడు మఱల అడిగినాడు.

గదియంతయు నిశ్శబ్దమయినది. ఏమి చెప్పునా యని నేనును చూచితిని. అతడు ఒక నిమిషమాలోచించి, “గాలివానకి గడ్డం లేదురా అబ్బాయ్! ఉంటే నేనే గొరిగేసేవాణ్ణి” అన్నాడు.

పిల్లలు నవ్విరి. వారిని చూచి తల్లులు నవ్విరి. తుపాను వచ్చిన పిదప ఆ యింట వినబడిన మొదటి నవ్వు అది. ఇరువదియేండ్లు నేను నిషేధించిన కథ, నా శ్లోకములు చేయలేని పనిని చేసినది.

ఆ రాత్రి నాకు భరతుని మాట క్రొత్తగా అర్థమయినది. దుఃఖముచేతను, శ్రమచేతను, శోకముచేతను పీడితులైనవారికి విశ్రాంతి కలిగించుటకే నాట్యము పుట్టినదని ఆయన చెప్పియున్నాడు. ఎన్నోమాఱులు పాఠము చెప్పిన వాక్యమే. విశ్రాంతి యనగా నిజమును మఱపించుట యని అనుకొంటిని, కాదు. ఆ కథకుడు గాలివాన రాలేదని చెప్పలేదు. దానిని మాంత్రికుని ప్రక్కన నిలువబెట్టి, ఒక క్షణకాలము మన నవ్వునకు అందునంత చిన్నదిగా చేసినాడు. భయమును పొలిమేరలో కట్టివేయుటే ఈ కథల విద్య.

సోమరితనమను మాటయు నిలువదు. పాతాళభైరవి కథను జాగ్రత్తగా చూడుడు. కథ సగము గడచునప్పటికే ప్రతిమ దొరకినది, మేడ లేచినది, రాజు సమ్మతించినాడు. కోరిక తీరుటయే పరమార్థమైనచో కథ అచ్చటనే ముగియవలెను. కాని అడిగి పొందినదంతయు ఒక్క రాత్రిలో పోయినది, పిల్లయు పోయినది. తరువాత రాముని గెలిపించినది ప్రతిమ కాదు. సాహసము, స్నేహితుడు అంజి, కొంచెము తెలివి. వరముగా వచ్చినది పోవచ్చును, తిరిగి సంపాదించుకొను శక్తి మాత్రము నీలోనిదని ఆ కథ చెప్పుచున్నది. నవ్వించుచు చెప్పుటచే పాఠమని తెలియనీయకున్నది. కడపట పెండ్లి జరుగునని మనకు మొదటినుండియు తెలియును. నాటకములన్నిటికిని నిర్వహణమున అద్భుతరసముండవలెనని భరతుడు విధించుటకు కారణమిదియే కాబోలు: ఇల్లు చేరు త్రోవలో మనిషికి వెలుగు కావలెను.

ఆ సంవత్సరము బడి తెఱచిన పిదప, పిల్లలను తమకు నచ్చిన జానపద చిత్రకథను వ్యాసముగా వ్రాయుడంటిని. ఎన్నడును నాలుగు పంక్తులు మించి వ్రాయనివారు నాలుగు పుటలు వ్రాసిరి. తప్పులు లెక్కకు మించియున్నవి. దిద్దుచు, దిద్దుచు, తెల్లవాఱువఱకు చదివితిని.

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటియే. మీ యింట పిల్లవాడు పాత జానపద చిత్రమును చూచుచున్నచో, చదువు పాడగుచున్నదని తొందరపడి కసరకుడు. ప్రక్కన కూర్చుండి మీరును చూడుడు. మాంత్రికుని గడ్డము తీయు ఘట్టము వచ్చినప్పుడు ఇరువురును కలిసి నవ్వుడు. ఆ నవ్వు ఎన్నడు అక్కఱకు వచ్చునో ఎవరు చెప్పగలరు?